ఆ మినిట్స్ పుస్తకంలో మన మాట ఉందా?

మా ఆడపడుచు కూతురికి ఎమ్మెస్సీలో సీటు వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో పాయసం చేశాను. గిన్నె చల్లారక ముందే చర్చ మొదలైంది. "సీటొచ్చింది సరే, హాస్టల్ వస్తుందా?" అన్నారు మావారు. "రాకపోతే?" అన్నారు మా అత్తగారు.

ఆ "రాకపోతే" అన్న మాట వినగానే నా చేతిలో గరిట ఆగిపోయింది. 2008లో అచ్చం ఇదే మాట మా పుట్టింట్లో వినబడింది. అప్పుడు పీజీలో సీటొచ్చింది నాకు. ఆడపిల్లల హాస్టల్లో గదుల్లేవన్నారు. ఊరు కాని ఊళ్ళో బయట గది తీసుకుని ఉంచడానికి నాన్నగారికి ధైర్యం చాలలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా" అన్నారు. వచ్చే ఏటికి పెళ్ళి సంబంధం వచ్చింది. నాన్నగారి మీద ఫిర్యాదు చేయడానికి ఇది రాయడం లేదు. ఆయన స్థానంలో ఉన్న తండ్రులు నూటికి తొంభై మంది అదే చేస్తారు. అలా డిగ్రీతో ఆగిపోయిన వాళ్ళు ఈ పేజీ చదివే మీలోనూ ఎందరో ఉంటారు.

ఇంతకీ, ఆ పిల్ల ఒక ప్రశ్న వేసింది. "అత్తయ్యా, ఆడపిల్లలకి ఇంకో హాస్టల్ కట్టాలా వద్దా అన్నది అసలు ఎవరు తేలుస్తారు?"

నేను "గవర్నమెంటు" అన్నాను. మావారు "వీసీ" అన్నారు. అత్తగారు "ఆ దేవుడే" అన్నారు. ముగ్గురం చెప్పిందాంట్లోనూ కొంత నిజం లేకపోలేదు. కానీ ముగ్గురికీ సరైన జవాబు తెలియదు. డిగ్రీ చదువుకున్న దాన్ని, నా చదువు ఎక్కడ ఆగిందో తెలుసుగానీ ఎవరు ఆపారో పదిహేడేళ్ళుగా తెలుసుకోలేదు. సిగ్గనిపించింది. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

ఒక బల్ల, చుట్టూ కుర్చీలు

ప్రతి విశ్వవిద్యాలయానికీ ఒక పాలకమండలి ఉంటుంది. ఒకచోట సిండికేట్ అంటారు, ఇంకోచోట బోర్డ్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అంటారు. మన రాష్ట్రాల్లో 1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం వచ్చాక దాన్ని ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ అంటున్నారు. అంతకుముందున్న సెనేట్, సిండికేట్ పోయి ఈ పాలకమండలి, చదువు సంగతులు చూడడానికి అకడమిక్ సెనేట్ వచ్చాయి. పాలకమండలికి వైస్ ఛాన్సలర్ అధ్యక్షత వహిస్తారు. ప్రభుత్వ కార్యదర్శులు, ప్రిన్సిపాళ్ళు, ఆచార్యులు, ప్రభుత్వం నామినేట్ చేసిన సభ్యులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆస్తులు, డబ్బు, ఉద్యోగాలు, భవనాలు, హాస్టళ్ళు, అన్నీ ఆ బల్ల మీదికి వచ్చే సంగతులే.

డబ్బు ప్రభుత్వం ఇవ్వాలన్నది నిజమే. కానీ ఉన్న డబ్బులో ఏది ముందు, ఏది వెనక అని తేల్చేది, ఇది కావాలని ప్రభుత్వాన్ని అడిగేది ఆ బల్లే. మన ఇంట్లో జీతం తెచ్చేది ఎవరైనా, ఈ నెల గ్యాసు బండా, పిల్లాడి బూట్లా అన్నది వంటింట్లో తేలినట్టే అనుకోండి.

అక్కడ జరిగిన ప్రతి మాటకీ ఒక రాత ఉంటుంది. దాన్ని మినిట్స్ అంటారు. ఏ తేదీన కూర్చున్నారు, ఎవరు వచ్చారు, ఏ అంశం చర్చకు వచ్చింది, ఆమోదించారా, కాదన్నారా, వాయిదా వేశారా, అన్నీ అందులో ఎక్కుతాయి. చూడటానికి కిరాణా కొట్టు పద్దులా పొడిపొడిగా ఉంటుంది. కానీ ఆడవాళ్ళ చదువు చరిత్ర ఎక్కడ రాసి ఉందంటే, చాలావరకు అలాంటి పద్దుల్లోనే.

కలకత్తా సెనేట్‌లో ఒక తీర్మానం

మన దేశంలో మొదటి మూడు విశ్వవిద్యాలయాలు కలకత్తా, బొంబాయి, మద్రాసు. మూడూ 1857లో పుట్టాయి. వాటిని నడిపిన సెనేట్‌లలో అందరూ మగవాళ్ళే. ఆడపిల్ల పరీక్షకు కూర్చుంటుందన్న ఊహే ఆ నిబంధనలు రాసినవాళ్ళకి లేదు.

డెహ్రాడూన్‌లో చదువుతున్న చంద్రముఖి బసు అనే బెంగాలీ క్రైస్తవ అమ్మాయి 1876లో ఎంట్రన్స్ పరీక్ష రాస్తానంది. ఎంట్రన్స్ అంటే ఆ రోజుల్లో మన మెట్రిక్ లాంటిది. కలకత్తా విశ్వవిద్యాలయం వారు ఆలోచించి ఆలోచించి రాయనిచ్చారు. కానీ పాసైనవాళ్ళ జాబితాలో ఆమె పేరు చేర్చలేదు. చదివింది, రాసింది, నెగ్గింది. కాగితం మీద మాత్రం లేదు.

ఆ వెనకే కాదంబిని బసు అనే మరో అమ్మాయి వచ్చింది. ఈ ఇద్దరి వల్లా సెనేట్ మళ్ళీ కూర్చోవాల్సి వచ్చింది. 1878లో, కొన్ని నిబంధనలకు లోబడి స్త్రీలను విశ్వవిద్యాలయ పరీక్షలకు అనుమతించవచ్చునని తీర్మానం చేశారు. కాదంబిని ఎంట్రన్స్ పాసైంది. ఒక్క మార్కు తక్కువై ఫస్టు డివిజన్ పోయిందంటారు. ఆమె ఒక్కతి కోసం బెథూన్ స్కూల్లో కాలేజీ తరగతులు తెరిచారు. 1883లో చంద్రముఖి, కాదంబిని ఇద్దరూ బీఏ పట్టాలు అందుకున్నారు. ఈ దేశంలో తొలి మహిళా పట్టభద్రులు వాళ్ళే. చంద్రముఖి ఎమ్మే చేసి తర్వాత బెథూన్ కాలేజీకే ప్రిన్సిపాల్ అయింది. కాదంబిని వైద్యం చదివి డాక్టరైంది.

అందరికీ ఆ ఇద్దరి పేర్లు తెలుసు. ఆ తీర్మానం సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. కానీ తలుపు తెరుచుకున్నది ఆ రాతతోనే. అప్పట్లో కలకత్తా విశ్వవిద్యాలయం తన మినిట్స్‌ను ఏటేటా అచ్చువేసేది. కాబట్టే దాదాపు నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ సంగతి మనం చెప్పుకోగలుగుతున్నాం. రాత దాచిపెట్టి ఉంటే, ఏ పెద్దమనిషో దయతలచి ఆడవాళ్ళకి చదువిచ్చాడని ఒక కథ మాత్రం మిగిలేది.

కేంబ్రిడ్జిలో వేలాడిన బొమ్మ

మనకి బీఏ పట్టాల నిబంధనలు నేర్పిన దొరల దేశంలో ఏం జరిగిందో చూడండి. కేంబ్రిడ్జిలో ఆడపిల్లల కోసం గిర్టన్ కాలేజీ 1869లోనే మొదలైంది. 1881లో పరీక్షలు రాసే హక్కూ ఇచ్చారు. 1890లో ఫిలిప్పా ఫాసెట్ అనే అమ్మాయికి లెక్కల పరీక్షలో మగపిల్లల్లో మొదటివాడి కంటే ఎక్కువ మార్కులొచ్చాయి. అయినా డిగ్రీ లేదు.

1897లో అక్కడి సెనేట్ ముందుకి ఒక ప్రతిపాదన వచ్చింది. ఆడవాళ్ళకి సభ్యత్వ హక్కులేమీ ఇవ్వరు, పేరుకి డిగ్రీ బిరుదు మాత్రం ఇద్దామని. అక్కడ ఎమ్మే చదివిన ప్రతి మగవాడికీ సెనేట్‌లో ఓటుంది. ఓటెయ్యడానికి రైళ్ళలో తరలి వచ్చారు. సెనేట్ భవనం ఎదురుగా సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మ ఒకటి వేలాడదీశారు. ఓట్లు లెక్కపెడితే ఒప్పుకున్నవాళ్ళు 660 పైచిలుకు, వద్దన్నవాళ్ళు 1700 పైచిలుకు. కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళకి నిజమైన డిగ్రీలు 1948 నుంచి గానీ రాలేదు. అప్పటికి మన చంద్రముఖి, కాదంబిని పట్టాలు పుచ్చుకుని 65 ఏళ్ళు గడిచాయి.

మనమే గొప్ప అని ఊరేగడానికి చెప్పడం లేదు. రెండుచోట్లా చదవగల అమ్మాయిలు ఉన్నారు. రెండుచోట్లా మగవాళ్ళే కూర్చుని తేల్చారు. ఒకచోట ఔనన్నారు, ఒకచోట కాదన్నారు. తేడా తెలివితేటల్లో లేదు, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మాటలో ఉంది.

దుర్గాబాయి పెట్టిన హాస్టల్

మన సంగతికొద్దాం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడింది. మొదట బెజవాడలో పెట్టి, 1930లో వాల్తేరుకు మార్చారు. తొలి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా పదవి వదులుకున్న మనిషి. 1936లో మళ్ళీ ఆ పదవికి వచ్చారు.

ఆయన ఉండగానే మన దుర్గాబాయమ్మ బీఏ ఆనర్స్ చదువుతానని వాల్తేరు వెళ్ళింది. అప్పటికే ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చింది. కానీ ఆడపిల్లలకి హాస్టల్ లేదు, అందుకని చేర్చుకోవడం కష్టమన్నారు. అంత అభ్యుదయవాది దగ్గర కూడా అదే మాట, హాస్టల్ లేదు! దుర్గాబాయి వెనక్కి వచ్చెయ్యలేదు. తనలాగే హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు ఎవరున్నారో పత్రికలో ప్రకటన వేసి కనుక్కుంది. కొందరిని కూడగట్టి తామే ఒక హాస్టల్ పెట్టుకున్నారు. సీటు దక్కింది. ఆ తర్వాత ఆమె లాయరైంది, రాజ్యాంగ సభలో కూర్చుంది, 1958లో కేంద్రం వేసిన స్త్రీ విద్య జాతీయ కమిటీకి అధ్యక్షురాలైంది.

నేను 2008లో చెయ్యనిది ఆమె 1930లలో చేసింది. కానీ ఒక మాట. ప్రతి ఆడపిల్లా దుర్గాబాయి కావాలని అడగడం న్యాయమేనా? మామూలు పిల్ల మామూలుగా చదువుకోవాలంటే గది ఉండాలి. ఆ గది ఏర్పాటు చెయ్యడం ఆ బల్ల బాధ్యత.

వీసీ ఎవరన్నదే గొడవ

ఇప్పుడు పత్రికల్లో విశ్వవిద్యాలయాల గురించి వచ్చేదంతా ఒకటే గొడవ, వీసీని ఎవరు వెయ్యాలి అని. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే వీసీలు వరసపెట్టి రాజీనామాలు చేశారు. తెలంగాణలో అదే ఏడు మే నెలలో పలు విశ్వవిద్యాలయాల వీసీల పదవీకాలం ముగిస్తే, అక్టోబరు దాకా ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జులుగా నెట్టుకొచ్చారు. 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా బయటపెట్టింది. వీసీని వెతికే కమిటీలో ముగ్గురుంటారనీ, ఛాన్సలర్ తరఫున ఒకరు, యూజీసీ తరఫున ఒకరు, విశ్వవిద్యాలయ పాలకమండలి తరఫున ఒకరు అనీ అందులో రాశారు. రాష్ట్రాల హక్కు పోతోందని తమిళనాడు, కేరళ అసెంబ్లీలు తీర్మానాలు చేశాయి. తెలంగాణ ముఖ్యమంత్రీ అభ్యంతరం చెప్పారు.

గవర్నరా, గవర్నమెంటా అన్నది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఈ వాదులాటలో ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళలో ఆడవాళ్ళు ఎందరని అడిగిన గొంతు నాకు వినబడలేదు. 2021-22 లెక్కల ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో 2.07 కోట్ల మంది ఆడపిల్లలే. ఇంచుమించు సగం. ఇంట్లో తినేవాళ్ళలో సగం మంది మనమే అయితే, వండేదేమిటో తేల్చేటప్పుడు మనల్ని అడగక్కర్లేదా?

పూర్వం ఇంకొక వెసులుబాటు ఉండేది. 1904 నాటి చట్టంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు సెనేట్‌లకి పదేసి మంది ప్రతినిధుల్ని, పేరు నమోదు చేయించుకున్న పట్టభద్రులు ఎన్నుకునేవారు. అంటే చదువు ముగించి బయటికొచ్చినవాళ్ళకి కూడా ఆ బల్ల దగ్గర ఒక గొంతు ఉండేది. ఇప్పటి మన పాలకమండళ్ళలో ఎక్కువమంది హోదాని బట్టి వచ్చేవాళ్ళు, ప్రభుత్వం వేసేవాళ్ళు. కాబట్టి మనకు మిగిలిన దారి ఒక్కటే. వాళ్ళు ఏం రాసుకున్నారో అడిగి చదవడం.

పది రూపాయల అర్జీ

ఆ దారికి చట్టం ఉంది. 2005 సమాచార హక్కు చట్టంలో నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన బోర్డులు, కౌన్సిళ్ళు, కమిటీలు ఏవో చెప్పాలి. వాటి సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో కూడా తనంతట తాను వెల్లడించాలి. బయటపెట్టకపోతే మనం అడగొచ్చు. తెల్లకాగితం మీద విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి అర్జీ రాసి, పది రూపాయల ఫీజు జతచేస్తే చాలు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అక్కడే పై అధికారికి, అదీ కాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళకి ఆ పది రూపాయలూ అక్కర్లేదు.

ఆ పిల్లా నేనూ కలిసి రాశాం. 2005 నుంచి మహిళా హాస్టళ్ళపై పాలకమండలి చేసిన తీర్మానాలు, ఆ పేజీల నకళ్ళు కావాలని అడిగాం. "మీకెందుకమ్మా ఇదంతా?" అని ఆఫీసులో ఒకాయన ఫోన్ చేసి అడిగారు, మర్యాదగానే. "చదువుకోవడానికండీ" అన్నాను. నలభై రోజులు దాటాక 31 పేజీలు వచ్చాయి.

రాత్రి పనులన్నీ తెముల్చుకుని ఇద్దరం భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చున్నాం. 2006లో మహిళా హాస్టల్‌కి అదనపు బ్లాకు కట్టాలని ప్రతిపాదన, సూత్రప్రాయంగా ఆమోదం. 2007లో నిధుల కొరత వల్ల వాయిదా. 2008లో మళ్ళీ అదే అంశం, మళ్ళీ వాయిదా. అదే పేజీలో దాని కింద అంశం, అతిథి గృహం మరమ్మతులకు ఆమోదం. ఆ తర్వాత ఆ బ్లాకు మాట మళ్ళీ పదకొండేళ్ళ దాకా లేదు.

2008 పేజీని చాలాసేపు చూశాను. అంశం సంఖ్య, ఒక వాక్యం, "వాయిదా వేయడమైనది". మా నాన్నగారు "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారే, అది అక్కడి నుంచి వచ్చిందన్నమాట. "అత్తయ్యా, మంచినీళ్ళు తేనా?" అంది పిల్ల. వద్దన్నాను.

మినిట్స్ ఎలా చదవాలి?

ఇది పెద్ద విద్యేమీ కాదు. నాకు తెలిసొచ్చిన నాలుగు మాటలు చెబుతాను.

మొదట హాజరైనవాళ్ళ పేర్లు చూడండి. ఆడవాళ్ళెందరో లెక్కపెట్టండి. ప్రతి సమావేశానికీ రానివాళ్ళు ఎవరో కూడా తెలుస్తుంది.

రెండోది, "వాయిదా" అన్న మాట వెనక పరుగెత్తండి. కాదంటే అల్లరవుతుంది, అందుకని వాయిదా వేస్తారు. తర్వాతి సమావేశంలో ఆ అంశం తిరిగి వచ్చిందా లేదా అన్నది అసలు పరీక్ష.

మూడోది, "ధ్రువీకరణ" అని ఉన్న అంశాలు చూడండి. వీసీ అత్యవసరమని ముందే చేసేసిన పనులకి పాలకమండలి తర్వాత ముద్ర వేస్తుంది. ఏది అత్యవసరమనిపించిందో, ఏది అనిపించలేదో అక్కడ తెలిసిపోతుంది.

నాలుగోది, ఆడపిల్లల భద్రత ఎక్కడుందో వెతకండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ ఉండాలని యూజీసీ 2015 నిబంధనలు చెబుతున్నాయి. అది ఎప్పుడు వేశారు, ఇప్పుడు సభ్యులెవరు అని అడగండి. భద్రత పేరు చెప్పి ఆడపిల్లల మీద కాపలా పెంచడం పద్ధతి కాదని 2013లో యూజీసీ వేయించిన సక్షమ్ నివేదిక కూడా చెప్పింది. గేటుకి తాళం వెయ్యడానికి తీర్మానం దొరికి, గది కట్టడానికి దొరకకపోతే అడగాల్సిందే కదా.

ఇప్పుడు మా పిల్ల ఊళ్ళో ఒక ప్రైవేటు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఒక గదిలో నలుగురు. ఖర్చు కష్టమే అయినా ఈసారి "వచ్చే ఏడు చూద్దాం" అని ఎవరినీ అననివ్వలేదు, నేను. తనూ, తన తరగతి అమ్మాయిలూ కలిసి ఒక వినతిపత్రం రాసి వీసీగారికి ఇచ్చారు. అందులో కష్టాలేమీ ఏకరువు పెట్టలేదు. 2006 తీర్మానం సంఖ్య, తేదీ రాసి, "ఈ అంశాన్ని వచ్చే సమావేశం ఎజెండాలో చేర్చవలసిందిగా కోరుతున్నాం" అని ఒక్క ముక్క. కింద 64 సంతకాలు. తీర్మానం నంబరు చూసి అక్కడి గుమాస్తాగారు కళ్ళద్దాలు సర్దుకుని రెండోసారి చదివారట.

జవాబు ఇంకా రాలేదు. రాకపోతే తర్వాతి సమావేశం మినిట్స్ కోసం ఇంకో పది రూపాయలు పెడతాం.

మీ ఇంట్లో ఆడపిల్ల ఏ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చదువుతున్నా, చదవబోతున్నా ఒక్కసారి అడిగి చూడండి. సంక్రాంతికి సామాన్ల జాబితా రాసుకునే చేత్తోనే ఆ అర్జీ కూడా రాయొచ్చు. చంద్రముఖి పేరు జాబితాలో వెయ్యని రోజున అదెవరి పనో అడిగేవాళ్ళు లేరు. ఇవాళ అడగడానికి మనమున్నాం, అడిగితే చెప్పి తీరాలన్న చట్టమూ ఉంది.